ఇవోనా తోడు అడిగిన వారం

మా మేనల్లుడు వాల్దెసీర్ పెళ్ళాం ఇవోనా పోలండ్ పిల్ల. మా మినాస్ రాష్ట్ర రాజధాని బెలో హొరిజొంతె మార్కెట్లో వాడు చీజ్ అమ్ముతుంటే కొనడానికి వచ్చి, వేలితో నొక్కి, ముక్క కొరికి, చివరికి అమ్మేవాణ్ణే సంచిలో వేసుకుపోయిందని నేను అందరికీ చెబుతుంటాను. నిజానికి ఆమే వాడి వెనక మా కొండెక్కి వచ్చేసింది. వస్తూ రెండు పెట్టెల బట్టలు, ఒక నీలం అట్ట నోట్‌బుక్కు తెచ్చుకుంది. మా ఇద్దరికీ చెడింది ఆ నోట్‌బుక్కు వల్లే.

పట్నంలో ఒక టీచరమ్మ దగ్గర మూడేళ్ళు పోర్చుగీసు నేర్చుకుందట. అన్నీ వచ్చాయి గానీ ఒక్కటి మాత్రం ఇంకా పూర్తిగా లొంగలేదట. జరిగినదీ జరుగుతున్నదీ చెప్పడానికి మాటకి ఒక రూపం. జరగాలనో, జరగకూడదనో, జరుగుతుందో లేదో తెలియదనో చెప్పడానికి ఇంకో రూపం. ఈ రెండోదాని పేరు సబ్జంక్టివ్. నేను నాలుగో క్లాసులోనే బడి గోడ దూకినవాణ్ణి, ఆ పేరు మొదటిసారి ఆమె నోటే విన్నాను. దాన్ని ఎప్పుడు వాడాలో నోట్‌బుక్కు నిండా రాసుకుంది. కోరికైతే వాడాలి, భయమైతే వాడాలి, అనుమానమైతే వాడాలి. కనిపించిన ప్రతివాళ్ళనీ ఆపి, మీరెప్పుడు వాడతారని అడిగేది. మా పాలు పితికే నెరీని కూడా అడిగింది. వాడు సాయం కోసం ఆవు వైపు చూశాడు. మేం మామూలు మాటల్లో ఆ రూపాన్ని ఎప్పుడో గాలికి వదిలేశాం. 'రేపు నువ్వు వస్తావని కోరుతున్నా' అనేస్తాం. వచ్చేవాడు వస్తాడు.

మా అక్క ఎద్విజెస్, అంటే ఇవోనా అత్తగారు, డెబ్బై నిండిన రోజున నలభై మందిని భోజనానికి పిలిచింది. నేను గ్లాసెత్తి, మా అక్క వందేళ్ళు బతుకుతుందని కోరుతున్నాను అన్నాను. ఇవోనా ఫోర్కు కింద పెట్టింది.

"బతకాలని, మావయ్యగారూ. బతుకుతుందని కాదు. కోరిక కదా."

మెల్లగానే అంది. కానీ అందరూ గ్లాసులెత్తి నిశ్శబ్దంగా ఉన్న సమయం. ముందు మా అక్క మనవరాలు కిసుక్కుమంది, ఆ తర్వాత బల్ల మొత్తం నవ్వింది. ఇంకెవరో 'బతకాలని' అంటూ నాకు పాఠం చెప్పారు. ఈ కొండ మీద నలభై ఏళ్ళుగా జనాన్ని నవ్విస్తున్నది నేను. ఎవణ్ణి చూసి నవ్వాలో నేను చెప్పాలి. ఆ రోజు పంది మాంసం పళ్ళెంలోనే వదిలేశాను.

తర్వాతి ఆదివారం చర్చి మెట్ల మీద ఇవోనాని పక్కకి పిలిచి, మన ఫాదర్‌కి చెముడు, పాప నివేదనలో గట్టిగా చెప్పకపోతే మళ్ళీ మళ్ళీ అడుగుతాడు అని చెప్పాను. ఫాదర్ చెవులు కుందేలు చెవులు. ఇవోనా గట్టిగానే చెప్పింది. వరసలో నిలబడ్డ పదిహేను మందీ విన్నారు, నేను కూడా విన్నాను. ఆ వారం ఆమె చేసిన ఒకే ఒక పాపం తన భర్త మేనమామని చూసినప్పుడల్లా కడుపులో తిప్పడం.

అప్పట్నుంచి మా మధ్య దీవెనలు కూడా పోయాయి. మా వైపు చిన్నవాళ్ళు ఎదురుపడితే దీవించమని చెయ్యి చాపాలి, పెద్దవాళ్ళు దీవించాలి. ఇవోనా నన్ను చూస్తే దారికి అవతలి పక్కకి వెళ్ళేది. నేను ఇవతలి పక్క నుంచి టోపీ తీసి, లేని మీసం తిప్పేవాణ్ణి.

ఇలా ఉండగా అక్కకి మోకాళ్ళు పట్టేశాయి. చీజ్ గది ఇవోనా చేతిలో పెట్టింది. అక్క పెద్దకొడుకు ఒస్మార్‌కి అది నచ్చలేదు. పాలన్నీ డెయిరీ ట్యాంకర్‌కి పోసేసి, గది మూసి, అందులో ట్రాక్టర్ పెట్టుకోవాలని వాడి ఎత్తు. అక్క ఇద్దరికీ కలిపి ఒకటే చెప్పింది. ఈస్టర్ దాకా ఇవోనా చేస్తుంది, చీజ్ సరిగ్గా వస్తే గది ఆమెది, లేకపోతే ట్యాంకర్ వస్తుంది. ఇవోనా ఆ గది కోసం చేతులు పగిలేలా పనిచేసింది. ఆ ఇంట్లో తనదని చెప్పుకోవడానికి ఆమెకి ఇంకేమీ లేదు మరి. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు నేను అలా అనుకోలేదు.

ఈస్టర్ ముందు వారం, మంగళవారం, ఆమె పెట్టిన పద్నాలుగు చీజులూ కప్ప పొట్టల్లా ఉబ్బాయి. తోడు చెడింది. ఉప్పు చల్లిన చీజుల నుంచి రాత్రంతా బొట్టుబొట్టుగా కారే తేటే మా తోడు. మర్నాడు పొద్దున పాలలో అదే పోస్తాం. అది చెడితే ఎంత కడిగినా లాభం లేదు, పక్కింటి తోడు తెచ్చుకోవాల్సిందే. దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కాదనరు. కానీ పాలలో చెయ్యి పెట్టే మనిషే గేటు దగ్గరికి వచ్చి అడగాలి. ఉబ్బిన చీజులు చూసిన అక్క, శనివారం మళ్ళీ నొక్కి చూస్తానని, అప్పుడూ ఉబ్బు కనిపిస్తే ట్యాంకర్‌ని పిలిపిస్తానని చెప్పేసింది. వానకి వంతెన కొట్టుకుపోయి అవతలి గట్టు వాళ్ళకీ మాకూ దారి లేదు. అంటే ఇవతల చీజ్ చేసే ఇల్లు, తోడున్న ఇల్లు, అక్క పక్కనే ఉన్న మాది ఒక్కటే మిగిలింది.

ఆ సాయంత్రమే వాల్దెసీర్ సీసా పట్టుకుని వచ్చాడు. నీ చెయ్యి పాలలో పెడతావా అని అడిగాను. లేదన్నాడు. అయితే సీసా ఇంటికి తీసుకెళ్ళి దాహం వేస్తే నీళ్ళు తాగు అన్నాను. వాడు నన్ను బతిమాలాడు. ఇద్దరికీ మధ్య నలిగిపోతున్నాడు పాపం, వాడికి చిన్నప్పట్నుంచీ అదే పని.

బుధవారం తెల్లవారేసరికి ఇవోనా గేటు దగ్గరుంది. రబ్బరు బూట్లు, తల మీద గుడ్డ, చేతిలో సీసా. నోట్‌బుక్కు చంకలో. మంచి గ్రంథంలోంచి చదివినట్టు అడిగింది. మీరు దయచేసి నాకు కొంచెం తోడు ఇవ్వాలని కోరుతున్నాను, ఇది మీ ఆనవాయితీ కాబట్టి మీరు ఇవ్వవలసి ఉన్నది అంది. ఎక్కడా తప్పు లేదు. అదే నాకు మంట.

ఇవ్వాలని కోరుతున్నావా, ఇస్తానని తెలిసే వచ్చావా అని అడిగాను. ఆనవాయితీ కదా, తెలిసే వచ్చానంది. తెలిసినప్పుడు ఆ రూపమెందుకు అన్నాను. నోట్‌బుక్కు తెరిచి, మర్యాదగా అడిగేటప్పుడు కూడా వాడతారు, పదిహేడో పేజీ అంది. నేను గేటు మీద మోచేతులు ఆనించి ఆమెకి పాఠం చెప్పాను. మీ టీచరమ్మ నీకు కొలతలు చెప్పింది, గుడ్డ ఇవ్వలేదు అన్నాను. ఆ రూపం ఏమీ తెలియనివాడి మాట. నీకేమో అన్నీ తెలుసు. ఎవడు తప్పు మాట్లాడతాడో తెలుసు, మా అక్క ఎన్నేళ్ళు బతకాలో తెలుసు, నేను తోడు ఇస్తానని తెలుసు. ఒక్క అనుమానం కూడా లేకుండా అనుమానం మాటలు మాట్లాడితే, ఆకలి లేనివాడు పళ్ళెం నాకినట్టుంటుంది.

"మీకు వ్యాకరణం తెలీదు," అంది ఇవోనా.

"నీకు అడుక్కోవడం తెలీదు," అన్నాను.

సీసా తీసుకుని లోపలికెళ్ళాను. తోడు తొట్టి పక్కనే చీజులు వడకట్టే గుడ్డలు కడిగిన నీళ్ళ బాల్చీ ఉంది. రంగు దాదాపు ఒకటే. దాన్లో చిటికెడు ఉప్పు వేసి సీసా నింపి ఇచ్చాను. తీసుకుని నావైపు చూడకుండా వెళ్ళింది. నేను వంటింట్లోకి వచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఇంటికెళ్ళి పాలలో పోసే ముందు నాలిక మీద వేసుకుని చూసిందట. తోడు లేక ఆ రోజు పాలు మొత్తం పందులకి పోయాయి. మధ్యాహ్నానికల్లా కబురు కొండంతా పాకింది. ఒస్మార్ దారిలో కనిపించి నా భుజం తట్టాడు. నేను ఆ చెయ్యి దులిపేసుకున్నాను. వాడి కోసం చేసినట్టయింది.

ఇంట్లో మా ఆవిడ నైర్ మాత్రం ఊరుకోలేదు. ఆమెకి నా వేషాలన్నీ అలవాటే, ఫాదర్ చెముడు సంగతికి మూడు రోజులు నవ్వింది కూడా. కానీ ఆ సాయంత్రం పళ్ళెం పెట్టలేదు. తోడు దగ్గరా నీ ఆటలు, మా అమ్మ తన బద్ధశత్రువుకి కూడా తోడు పోసింది, నువ్వు కడుగు నీళ్ళు పోశావు అంది. రేపు ఆ పిల్ల వస్తే సరే, రాకపోతే నీ గిన్నెలు నువ్వు కడుక్కో, నీ చీజులు నువ్వు తిప్పుకో అంది. రాదులే అన్నాను. నిజంగా రాదనే అనుకున్నాను.

గురువారం వచ్చింది.

వాన పడుతోంది. నెరీ ఆవుల్ని దొడ్లోకి తోలుతున్నాడు, నైర్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇవోనా గేటుకి అవతల ఆగింది. సీసా ఉంది, నోట్‌బుక్కు లేదు. దీవెన అడుగుతుందేమో అని నేను ఒక ఎకసెక్కం సిద్ధం చేసుకుంటున్నాను.

"నీ ఆవుల పొదుగులు ఎండిపోను," అంది ఇవోనా.

నెరీ చేతిలో కర్ర ఆగిపోయింది.

"నీ పాలు తొట్టిలోనే కుళ్ళిపోను. నీ చీజులు ఉబ్బి ఉబ్బి పగిలిపోను, పందులు కూడా ముట్టకుండా పోను. నువ్వు నోరు తెరిస్తే నవ్వే మనిషి ఒక్కడు కూడా మిగలకుండా పోను. చచ్చేదాకా నీ జోకులు నువ్వే వినే గతి నీకు పట్టను."

గొంతు పెంచలేదు. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. ఎప్పుడూ 'మీరు' అనే పిల్ల 'నువ్వు'లోకి దిగింది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా వెతుక్కోలేదు. మా అమ్మ కోపంలో ఇలాగే మాట్లాడేది. మేం మామూలుగా మాట్లాడేటప్పుడు పారేసిన ఆ రూపమే, మా తిట్లలో ఇంకా బతికే ఉందని నాకు అప్పుడే తెలిసింది. నైర్ ఏప్రన్ అంచుతో నోరు మూసుకుంది. నవ్వో భయమో నాకు కనిపించలేదు.

అక్కడితో ఆగితే నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ణే. ఆగలేదు. సీసాని రెండు చేతులతో పట్టుకుని, ఈసారి నాతో కాదు, వానతో అన్నట్టు అంది.

"ఈ కొండ మీద ఒక్కరైనా నన్ను ఉండిపొమ్మంటే బాగుండు. అంటారో అనరో నాకు తెలీదు. నువ్వు తోడు పోస్తావో పొయ్యవో కూడా తెలీదు. అయినా వచ్చాను."

గేటు తీసి సీసా తీసుకున్నాను. తోడు తొట్టి మీద గుడ్డ తీసి, ఆ రాత్రి కారినదంతా దాదాపు పోసేశాను. మా ఇంటికి ఒక్క గిన్నెడే మిగిలింది. తెచ్చి ఇస్తే, మూత తీసి వేలు ముంచి నా ఎదురుగానే రుచి చూసింది. చూడకపోతే తెలివితక్కువదనుకునేవాణ్ణి. మూత బిగించి వెళ్ళిపోయింది. తోడుకి థాంక్స్ చెప్పకూడదు, అది ఆమెకి ఎవరైనా చెప్పారో, ఆమెకే చెప్పబుద్ధి కాలేదో నాకు తెలియదు.

శనివారం అక్క కర్ర పట్టుకుని చీజ్ గదిలోకి వెళ్ళింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. గురువారం చీజులు పన్నెండు, శుక్రవారంవి పన్నెండు. ఒక్కోటీ బొటనవేలితో నొక్కింది. అన్నీ గట్టిగా, చదునుగా ఉన్నాయి. ఇవోనా గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని ఉంది. చివరి చీజ్ కూడా నొక్కి, అక్క ఒస్మార్ వైపు తిరిగి, ట్రాక్టర్‌కి వేరే చోటు చూసుకో అంది. వాడు నన్ను తోసుకుంటూ బయటికి వెళ్ళాడు. ఇప్పటికీ నాతో మాట్లాడడు. వాడి లెక్కలో ద్రోహిని నేనే.

అక్క ఇవోనా చెంప మీద చెయ్యి వేసి, ఉండిపో అమ్మాయ్ అంది. ఆ పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. తల ఊపి, గుడ్డలు ఉతకడానికి వెళ్ళింది. నా పక్క నుంచే వెళ్ళింది. చెయ్యి చాపలేదు, నేను దీవించలేదు.

నైర్ మాత్రం నన్ను వదలడం లేదు. పెట్టినవాళ్ళే తీసెయ్యాలి, వెళ్ళి ఆ శాపం వెనక్కి తీసుకొమ్మని అడుగు అంటుంది. నేను వెళ్ళను. ఒక పోలండ్ పిల్ల నోటి మాటకి మినాస్ ఆవు ఎండుతుందా అని నెరీ ముందు గట్టిగా నవ్వాను. నెరీ నవ్వలేదు. ఇప్పటికి మూడు వారాలైంది, ఒక్క ఆవు కూడా ఎండలేదు. కానీ రోజూ పొద్దున, కాఫీ కూడా పెట్టుకోకముందే, దొడ్లోకి వెళ్ళి ఒక్కో పొదుగూ తడిమి చూసుకుంటున్నాను. ఆ సంగతి నైర్‌కి చెప్పలేదు.