పిట్ట ముట్టని జాగ

పోశయ్య పోయిన మూడో రోజు పిట్ట ముట్టలేదు. విస్తరిలో బోటి కూర, పక్కన కల్లు పెట్టి అయినవాళ్లంతా ఎండలో నిలబడ్డా ఒక్క కాకి దిగలేదు. ముప్పై ఏండ్లు భూపాలపల్లి బొగ్గుబాయిలో ఒళ్లు అరగదీసుకున్న మనిషికి ఏం కోరిక మిగిలిందోనని ఆయన భార్య ఐలమ్మకు దిగులు పట్టుకుంది.

ఏడాది తిరిగింది. పెరట్లో నూకలు చల్లితే పిచ్చుకలు, గోరింకలు, గువ్వలు వాలుతాయి. జామచెట్టు పక్కన మంచమంత జాగలో మాత్రం ఒక్కటీ కాలు పెట్టదు. చీమ కూడా అటు పోదు.

"మీ మామ ఆడనే ఉన్నడు" అని ఐలమ్మ అక్కడే నులకమంచం వేసుకుంది. పక్కన రోజూ ఒక విస్తరి. పొద్దంతా అక్కడే కూర్చుంటుంది.

కోడలు భూలక్ష్మి ఊరుకోలేదు. అన్న స్టూడియో మూసేసినప్పుడు ఇచ్చిన పాత డిజిటల్ కెమెరా తీసింది. బటన్ నొక్కితే అది తీరిగ్గా క్లిక్‌మంటుంది, ఈలోగా పిట్ట ఎగిరిపోతుంది. చేత్తో పడితే బొమ్మ మసక. అందుకే రోటి మీద కదలకుండా పెట్టింది.

"ఆడికి పిట్టలొస్తయత్తా. ఫొటో చూపిస్త, అప్పుడన్న మంచం తియ్యి."

"ముందు వాటికి పౌడర్ రాసి కూసోబెట్టు పో."

వారం రోజులు తీసింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఇంకోటి తీసి, మొదటి ఫొటో నుంచి వరసగా నొక్కుతూ పోయింది. అదే గోడ, అదే చెట్టు. పిట్టలన్నీ మంచం చుట్టూ గుండ్రంగా, ముక్కులన్నీ మంచం వైపే. రోజురోజుకూ అవి వెనక్కి జరిగాయి. మొదటి రోజు మంచం పట్టె వెనక గోడలో కింది నుంచి నాలుగో ఇటుక వరసకు ఉంది. నిన్న మూడో వరస. ఇవాళ రెండు.

భూలక్ష్మి కెమెరా రోటి మీద పెట్టి మంచం దగ్గరికి నడిచింది. ఎండాకాలంలో బొగ్గుబాయి ఆఫీసరు ఒకడు వచ్చి, గోడకు పగులు లేదు, భయం లేదని చెప్పి చాయ్ తాగి పోయాడు. ఇళ్ల కింద బొగ్గంతా తోడారు. ఆ ఖాళీలో ఇసుక నింపింది కాగితం మీదే.

"లెవ్వత్తా. నేల దిగుతున్నది."

"మీ మామ పిలుస్తుండు. పోవాలె గద బిడ్డా."

"మామ గాదు. బొగ్గు తీస్కొని బొంద ఇడిసిపెట్టిన్రు. లెవ్వు."

ఐలమ్మ పట్టె పట్టుకుంది. భూలక్ష్మి ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, చంకల కింద చేతులేసి రోటి దాకా ఈడ్చుకొచ్చింది. పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. మంచం చప్పుడు లేకుండా నేలలోకి దిగిపోయింది.

బొంద అంచున విస్తరి మిగిలింది. లోపలి నుంచి చల్లగాలి వచ్చింది.

"మీ మామ అంగి వాసన" అంది ఐలమ్మ. భూలక్ష్మికీ అదే వాసన తగిలింది. షిఫ్టు దిగి వచ్చినప్పటి బొగ్గు, చెమట.

అప్పుడొక కాకి వాలింది. విస్తరిలో ముక్కు పెట్టింది.

"ముట్టింది" అంది ఐలమ్మ నెమ్మదిగా.

భూలక్ష్మి బటన్ నొక్కింది. కెమెరా తీరిగ్గా క్లిక్‌మంది. ఫొటోలో బొంద ఒక్కటే పడింది.