తాయమ్మ గీసిన ఏరు

ఆదోనిలో పొద్దున ఏడింటి బస్సెక్కితే ఎమ్మిగనూరులో బడి గంటకు ముందే దిగొచ్చు. మహమూదా బీ రోజూ ఆ బస్సే ఎక్కేది. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో చుట్టిన చార్టులు. కర్నూల్లో బి.ఇడి. చదువుతాంది. కూర్చోని చదివింది చాలు, పోయి పిల్లోళ్ళకు పాఠాలు చెప్పి రమ్మని కాలేజీవాళ్ళు పంపినారు. ఇంటికి దగ్గరని, నేతగాళ్ళ వీధి వెనకాల ఉన్న హైస్కూలు అడిగి వేయించుకునింది. తొమ్మిదో తరగతికి సోషల్. డెబ్బై ఎనిమిదో సంవత్సరం మాట ఇది.

ఆ బడిలో సుద్దముక్కతో ఏరు గీస్తే నీళ్ళు పారతాయి. అందుకే ఆడుండే సార్లు నదుల పాఠం వస్తే గీసే పని పెట్టుకోరు, గుడ్డ మ్యాపు తగిలించి బెత్తంతో చూపిస్తారు. ఎవరన్నా మరిచిపోయి గీసినారా, ఆయా అంజినమ్మ చీపురు పట్టుకోని వాకిట్లో నిలబడేది. "ఏర్లు మీవి, నడుము నాది!" అనేది. ఏప్రిల్ నెలలో కుండలు ఖాళీ అయినప్పుడు మటుకు డ్రిల్లు మాస్టరు గుట్టుగా కృష్ణ గీసి చెంబు పట్టుకునేవాడు. కాస్త సుద్ద వాసన వస్తాయి ఆ నీళ్ళు. దప్పికకు అదొక లెక్కా!

తొమ్మిదో తరగతిలో కిటికీ పక్కన తాయమ్మ కూర్చునేది. మగ్గం నేసే సిద్ధప్ప కూతురు. పుట్టినప్పటినుంచీ చూపు లేదు. వినింది వినినట్టు అప్పజెప్పి, సార్ల దయతో కొంత, తన మొండితనంతో కొంత, తొమ్మిది దాకా వచ్చింది.

అంగవైకల్యం ఉన్న పిల్లల గురించి మహమూదాకు కాలేజీలో ఒకే ఒక్క పాఠం చెప్పినారు. వాళ్ళను ముందు బెంచీలో కూర్చోబెట్టాల, అంతే. పరీక్షలో ఆ ప్రశ్నకు ఆమెకు మంచి మార్కులే వచ్చినాయి. మొదటి రోజే తాయమ్మను లేపి ముందుకు రమ్మనింది. కిటికీ దారి తప్ప వేరే దారి ఎరగని పిల్ల, బల్ల మూలకు మోకాలు కొట్టుకోని, తడుముకుంటా వచ్చి కూర్చునింది.

"టీచరమ్మా, ముందర కూర్చుంటే కనపడతాదా?" అని అడిగింది.

ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది. క్లాసంతా పకపకా నవ్వింది. మహమూదాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చెయ్యి పట్టుకోని తానే మళ్ళీ కిటికీ కాడికి తీసకపోయింది.

ఆ రోజునుంచి ఆమెను ఒకటే తొలుస్తా ఉండేది. ఈ పిల్లకు లోకం ఎట్ల తెలుస్తాది? తెలుసుకుందామని బస్సులో కండ్లు మూసుకోని కూర్చునింది. నూనె మిల్లు వాసన రాంగానే ఎమ్మిగనూరు వచ్చేసిందని లేచి నిలబడింది. "యాడికమ్మా? ఇంకా సగం దారి ఉంది," అన్నాడు కండక్టరు.

ఇది కాదు దారి అనుకోని, మరుసటి రోజు బోర్డు మీద తుంగభద్ర గీసింది. నీళ్ళు జలజలా దిగినాయి. తాయమ్మను పిలిచి వేళ్ళు అందులో పెట్టించింది.

"అబ్బ, సల్లగుంది!" అనింది తాయమ్మ. "నా సేతిని అట్ల తోస్తాంది టీచరమ్మా. ఆ పక్క ఏముంది?"

"తూర్పు."

"తూర్పంటే ఇదా!" అనింది ఆ పిల్ల. తొమ్మిదేండ్లుగా తూర్పు అనే మాట బట్టీ పడతానే ఉంది పాపం. మహమూదాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. వారం తిరక్కుండానే రాష్ట్రంలో ఏర్లన్నీ తాయమ్మ వేళ్ళకు వచ్చేసినాయి. అంజినమ్మ తిట్లు కూడా వచ్చేసినాయనుకోండి.

అంతలో హెడ్మాస్టరు భీమప్ప పిలిపించినాడు.

"తాయమ్మ మీద శానా కష్టపడతాండావమ్మా. కానీ ఆ పిల్లకు ఈ ఏడుతో సరి. పదోది పబ్లిక్ పరీక్ష. ఆ పిల్ల చెప్తా ఉంటే రాసేదానికి ఇంకొకరిని ఇస్తారంట, సరే. మ్యాపులో ఏది యాడుందో ఎట్ల చెప్తాది? ఫెయిలైతే బడికి చెడ్డపేరు."

మహమూదా సిద్ధప్ప ఇంటికి పోయింది. తాయమ్మ రాట్నం ముందర కూర్చోని కండెలకు నూలు చుడతాంది. కుడిచెయ్యి రాట్నం తిప్పుతాంటే, ఎడమచేతి వేళ్ళు పోగును నడిపిస్తాండాయి.

"నాదేముందమ్మా," అన్నాడు సిద్ధప్ప. "పెద్దసారు కూకోమంటే కూకోనీ. వద్దంటే ఈడ కండెలుండాయి."

"నాకు పదోది సదవాలనుంది నాయనా," అనింది తాయమ్మ. సిద్ధప్ప మగ్గం ఆపి కూతురి పక్క చూసినాడు.

మహమూదాకు ఆఖరి పరీక్షపాఠం రోజు రానే వచ్చింది. మార్కులు వేసేదానికి అనంతపురం నుంచి ఒక సారు వచ్చి భీమప్ప పక్కన, వెనక బెంచీలో కూర్చున్నాడు. ట్రైనింగు వాళ్ళకు తరతరాల ఉపాయం ఒకటుంది. జవాబు తెలిసినోళ్ళు కుడిచెయ్యి, తెలియనోళ్ళు ఎడంచెయ్యి ఎత్తాల. క్లాసంతా చేతులెత్తినట్టు కనపడతాది, టీచరు కుడిచేతులనే అడుగుతాది. మహమూదా కూడా పిల్లలకు అట్లే చెప్పి పెట్టింది.

"తుంగభద్ర ఎందాక పోతుంది?" అని అడిగింది.

చేతులన్నీ లేచినాయి. తాయమ్మది ఎడంచెయ్యి. ఇంత నేర్పిస్తే ఇదా! మహమూదా గబగబా ఇంకో కుడిచేతి పక్కకు తిరిగింది. ఈలోపల అనంతపురం సారు గొంతు సవరించుకున్నాడు. ఆయనా ఒకప్పుడు ట్రైనింగు చేసినోడే కదా, తాతకు దగ్గులు నేర్పినట్టయింది.

"ఆ కిటికీ పక్క ఎడంచెయ్యి అమ్మాయిని అడగండి," అన్నాడు.

తాయమ్మ లేచింది. "గీసి సూపిస్తా సార్."

"ఎడంచెయ్యి ఎందుకెత్తినావే?" అని మహమూదా గుసగుసగా అడిగింది.

"తెలిసింది ఈ సేతికే కదా టీచరమ్మా. పోగు పట్టేది ఇదే."

సుద్దముక్క తీసుకోని బోర్డుకు ఎడమపక్క మొదలుపెట్టింది. నీళ్ళు వేళ్ళ వెంబడి వచ్చినాయి. "ఈడ మంత్రాలయం. ఈడ కర్నూలు, హంద్రి కలుస్తాది." బోర్డు అయిపోయింది. ఆ సంగతి ఆ పిల్లకు ఎట్ల తెలుస్తాది? గీత గోడ మీదికి పోయింది, నీళ్ళూ పోయినాయి. "ఈడ కృష్ణమ్మలో కలిసిపాయె."

"టైమయింది, కూర్చోబెట్టండి," అన్నాడు అనంతపురం సారు.

భీమప్ప మొహం గంటు పెట్టుకున్నాడు. పాఠం ముగించి, ఇంటిపని చెప్పి, నమస్కారం పెట్టకపోతే మార్కులు పోతాయని మహమూదాకు బాగా తెలుసు. తాయమ్మ చేతిలో సుద్ద అరిగి గోరంతయింది. మహమూదా పెట్టెలోనుంచి కొత్త ముక్క తీసి ఆ వేళ్ళలో పెట్టింది.

గీత తలుపు దాటింది. వరండా గోడ పట్టుకోని నడిచింది. "ఈడ బెజవాడ." సార్లిద్దరూ చెప్పులు చేత పట్టుకోని, పంచెలు ఎగ్గట్టి వెనకాలే వచ్చినారు. "ఇంగ శానా దూరం పోవాల సార్, సముద్రం ఈడ లేదు," అంటా తాయమ్మ పక్క గదిలోకి తిరిగింది. పదో తరగతి పిల్లోళ్ళు కాళ్ళు బెంచీల మీదికి ఎత్తుకోని దారిచ్చినారు. ఏరు గది మూలకు పోయి విప్పారింది.

"ఈడ," అనింది తాయమ్మ. "ఇది సముద్రం. ఉప్పగుంటాది, కావాలంటే సూడండి."

అనంతపురం సారు వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. తల ఊపినాడు. అప్పుడు భీమప్ప పక్క తిరిగినాడు.

"ఈ అమ్మాయి ఏ తరగతి?"

భీమప్ప పిక్కల దాకా నీళ్ళలో నిలబడి, వచ్చిన దారంతా ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. కర్నూలు, బెజవాడ, దేనిచోట అది ఉంది.

"జూన్‌నుంచి పదో తరగతి సార్," అన్నాడు.

తాయమ్మ సుద్దముక్క పట్టుకోని అట్లే నిలబడి ఉంది. "పెద్దసారు ఎవరి గురించి సెప్తాండాడు టీచరమ్మా?" అని అడిగింది.

మహమూదా ఆ తడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకోని, "నీ గురించే," అనింది.