అయ్యగారి లాప్‌టాప్

“హెప్సీ, ఇదేదో నీలంగా వచ్చి కూర్చుంది. ఓసారి చూడు,” అని ముందుగదిలోంచి ఫిలిప్ కేకేసేసరికి హెప్సిబా పెరట్లో బూడిద వేసి బొమ్మిడాయిలు రుద్దుతోంది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చింది. అయినా వాసన పోలేదని, “ఆ చేతుల్తో ముట్టుకోకు, దూరం నుంచి చూడు,” అన్నాడు.

దూరం నుంచే చూసింది. తెరంతా నీలం. డ్రైవ్‌కి తాళం పడింది, రికవరీ కీ కొట్టమని ఇంగ్లీషులో రాసుంది.

“నిన్న సంఘపెద్ద సొలొమోను గారు ఏదో అప్‌డేట్ చేశార్లే, స్పీడవుద్దని. అప్పట్నుంచీ ఇంతే.”

“కీ కొడితేగానీ తెరుచుకోదండి. పెద్ద నంబరు ఉంటది.”

“శుక్రవారం ప్రార్థన కూటాలు పెట్టుకుని ఇప్పుడా చెప్పేది? నా ప్రసంగాలన్నీ అందులోనే ఉన్నాయి.”

ఆ ప్రసంగాల్లో ఒక్క వాక్యం కూడా ఫిలిప్ రాసింది కాదు. చల్లపల్లి చర్చి సంఘంలో పాస్టరు అయ్యగారు వాక్యం చెబితే రాయైనా కరుగుతుందని పేరు. ఆ రాతిని కరిగించే మాటలు మాత్రం శనివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక హెప్సిబా కూర్చుని టైపు చేసినవి. పెళ్ళైన కొత్తలో, “నీ తెలుగు బావుంటుంది, కాస్త సరిచూడు,” అన్నాడు. సరిచూడటం కాస్తా రాయడమైంది. సంఘం జీతం ఇచ్చేది కాపరికి. కాపరి భార్యకు అమ్మగారన్న పిలుపు ఉంటుంది, దానితోనే కడుపు నిండాలి.

“ఎటూ దాన్ని బాగుచేయించడానికి బెజవాడ పోతంది గదా, నా కళ్ళజోడు పుల్ల కూడా వేయించుకు రమ్మను,” అని అమలమ్మ మంచం మీంచి కొడుక్కి చెప్పింది. కోడలు ఎదురుగా నిలబడి ఉన్నా పనులు కొడుకు నోటే చెప్పిస్తుంది ఆవిడ. హెప్సిబా పులుసు దింపి, అన్నం వార్చి, అత్తగారి మాత్రలు గిన్నెలో వేసి పెట్టి, లాప్‌టాప్‌ను పాత చీరముక్కలో చుట్టుకుని బస్సెక్కింది.

ఉయ్యూరు దాటేదాకా ఒళ్ళో ఉన్న ఆ బరువును రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. సంఘమంతా చందాలు వేసుకుని కొన్న రోజు పెద్దలు దాని మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఆ తర్వాత దాన్ని మొదలుపెట్టింది తనే. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది గనుక ఆ పని ఆమెది. మెయిల్ అడిగితే తన మెయిలే ఇచ్చింది, అప్పటికి ఆయనకు మెయిలే లేదు. మొదటి ఆదివారం ప్రొజెక్టరుకు తగిలించగానే గుడి గోడ మీద ఇంతేసి అక్షరాలతో ‘హెప్సిబా’ అని వచ్చింది. వెనక వరసలో ఎవరో, “లాప్‌టాప్ అమ్మగారిదాండీ?” అన్నారు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది, నిజానికి సంతోషంగానే నవ్వింది. ఇంటికొచ్చాక ఫిలిప్ చొక్కా విప్పకుండానే అన్నాడు: “సంఘం ఇచ్చినదాని మీద నీ పేరేంటి? తీసెయ్. అసలు కాపరి భార్యకి వేరే మెయిలెందుకు? ఇంటికొకటి చాలు. అది మూసెయ్.” పేరు తీసేసింది. ఆయన పేరు పెట్టింది. మెయిల్ కూడా మూసేశానని చెప్పింది, కానీ మూయలేదు. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. తనదంటూ ఏదో ఒకటి ఉండాలని ఉంచుకుంది, అంతే.

గవర్నర్‌పేటలో రిపేరు షాపు ఇష్తియాక్ గారు డ్రైవ్ విప్పి, ఏదో తగిలించి చూసి, మళ్ళీ బిగించారు.

“డిస్క్ బానే ఉందమ్మా, చెడిపోలేదు. అప్‌డేట్ అయ్యాక దానికి అనుమానమొచ్చి తాళం వేసుకుంది. మొదటిసారి ఏ మెయిల్‌తో ఆన్ చేశారో, కీ అందులోకి దానంతటదే వెళ్ళుంటుంది. అది లేకపోతే మాత్రం నేనే కాదు, ఎవరూ తీయలేరు. ఫార్మాట్ కొట్టాల్సిందే, లోపలున్నదంతా పోతుంది.”

ఆమె ఫోన్ తీసి తన మెయిల్ తెరిచింది. లాప్‌టాప్ పేరు కింద అంకెల వరస కుదురుగా ఉంది. ఇన్నేళ్ళూ తనకు తెలియకుండా తన దగ్గరే ఉంది. భర్తకు చెప్పాలంటే మెయిల్ సంగతి కూడా చెప్పాలి. సరే, నాలుగు తిట్లు తింటే పోయేదేముంది, మాటలు దక్కుతాయి కదా అనుకుని ఫోన్ చేసింది.

“ఏవండీ, కీ లేకపోతే ఫార్మాట్ చేయాలంటున్నారు. కానీ నేను...”

“చేసేయమను. పోతే పోయాయి. నీకు గుర్తుండవా ఏంటి? రేపు కూర్చుని మళ్ళీ కొట్టు. ఇంట్లో పనేముంది నీకు? ముందు ఎడారిలో తల్లిది కొట్టు, కూటాల్లో అదే అడుగుతున్నారు. అమ్మ కళ్ళజోడు మర్చిపోకు.”

“అలాగేనండి.”

ఎడారిలో తల్లి. బైబిల్లో, నీళ్ళయిపోయాక బిడ్డను పొద కింద పడుకోబెట్టి, చావు చూడలేక దూరంగా వెళ్ళి కూర్చున్న తల్లి. ఎనిమిదో నెలలో హెప్సిబాకు పుట్టి ఏడవని పిల్ల గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు ఫిలిప్ కూచిపూడిలో కూటాల్లో ఉన్నాడు. వచ్చాక, “కాపరి భార్యవి, నువ్వే ఇలా ఏడిస్తే సంఘం ఏమనుకుంటుంది?” అన్నాడు. “ఆడపిల్లేగా,” అంది అమలమ్మ. ఏడుపు మానేసింది. ఏడాది తర్వాత ఒక శనివారం, ఆ తల్లి గురించి రాస్తూ రాస్తూ అదంతా రాసేసింది. రొమ్ముల్లో పాలు గడ్డకట్టడం కూడా రాసింది. మర్నాడు ఫిలిప్ గొంతు వణికిస్తూ చదివాడు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. బుల్లెమ్మ అనే ముసలామె ఆయన చేతులు పట్టుకుని, “మా కడుపుకోత మీకెట్టా తెలిసిందయ్యగారూ?” అని అడిగితే, “తెల్లారుజామున మోకాళ్ళ మీద ఉండగా ప్రభువు నాకు ఇచ్చిన మాటమ్మా ఇది,” అన్నాడు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ హెప్సిబాతో, “రెండో పేజీ సాగదీశావు. ఈసారి తగ్గించు,” అన్నాడు. ఆమె పప్పు వడ్డించింది. పిల్లను రెండోసారి పాతిపెట్టినట్టయింది ఆమెకు.

“ఏం చేయమంటారమ్మా?” అని ఇష్తియాక్ గారు అడిగారు.

“కీ ఉందండి,” అంది హెప్సిబా. “నేను చెబుతాను, కొట్టండి.”

అంకెలు చదివింది. నీలం పోయింది. ఆదివారాలన్నీ వరసగా, ఫిలిప్ పేరుతో కనిపించాయి. అన్నిటినీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమంది.

“ఇప్పుడు ఫార్మాట్ చేసేయండి.”

ఆయన తలెత్తి చూశారు. “తెరుచుకుంది కదమ్మా?”

“మా ఆయన చేసేయమన్నారండి.”

పెన్‌డ్రైవ్ ఆమె బ్యాగులో అడుగుకు చేరింది. కళ్ళజోడుకు పుల్ల వేయించి, బస్సెక్కి పొద్దుగూకే వేళకు ఇల్లు చేరింది. దారంతా భయంగానే ఉంది. ఆయన కొట్టడు. మాట్లాడటం మానేస్తాడు, వారాల తరబడి మానేస్తాడు, ఆ మౌనంలో కంచాలు పెట్టడం తీయడం ఆమెకు కొత్తకాదు. సంఘంలో ఏదో ఒకటి చెబుతాడు. అమలమ్మ ఊరంతా చెబుతుంది. పుట్టింట్లో ఎవరూ లేరు వెళ్ళడానికి. ఇవన్నీ తెలిసే దిగింది బస్సు.

ఫిలిప్ లాప్‌టాప్ తెరిచి చూశాడు. కొత్తదానిలా తళతళలాడుతోంది, లోపల ఒక్క అక్షరం లేదు. “సరే, ఏం చేస్తాం,” అని కుర్చీ లాగి ఆమె కోసం వేశాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఆమెకు ఆయన కుర్చీ వేయడం అదే మొదలు.

“కూర్చో. ఎడారిలో తల్లి, మొదట్నుంచీ.”

హెప్సిబా అత్తగారికి కళ్ళజోడు అందించి వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు.

“అది మోకాళ్ళ మీద ఉండగా ప్రభువు మీకిచ్చిన మాట కదండీ,” అంది. “మళ్ళీ ఆయన్నే అడగండి.”