సుబ్బులమ్మ సాక్ష్యం

సుబ్బులమ్మ ఇంట్లో ఏదీ బాగుండదు. అంటే బాగానే ఉంటుంది గానీ, బాగుందని ఆమె ఒప్పుకోదు. ఆవు బిందె నిండా పాలిచ్చినా "యాడ, దూడకే సాలవు" అంటుంది. మామిడి విరగకాసిన ఏడాది కాయకు పురుగు పట్టిందని ఊరంతా చెప్పుకుని తిరిగింది. నలుగురి కళ్లూ పడితే ఉన్నది కాస్తా పోతుందని ఆమె భయం. ఇక మనవరాలు రూపశ్రీ సంగతి చెప్పేదేముంది. ఇంటర్‌లో కాలేజీ మొత్తానికీ ఫస్టు వచ్చిన పిల్లను గురించి ఎవరడిగినా "యాదో పాసైనాదిలే" అని తేల్చేసేది.

అలాంటి ఇంటికి స్కాలర్‌షిప్పు వాళ్లు విచారణకు వస్తున్నారు.

తిరుపతిలో ఒక ట్రస్టు ఉంది. పల్లెల్లో బాగా చదివే పిల్లలకు డిగ్రీ అయ్యేదాకా ఫీజు, హాస్టలు వాళ్లే చూసుకుంటారు. రూపశ్రీ దరఖాస్తు పెట్టింది, రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది వాళ్లు ఇంటికొచ్చి పెద్దవాళ్లతో మాట్లాడటమే. ఇది వస్తే బీఎస్సీ. రాకపోతే చదువు ఇంతటితో సరి అని నాయన చెంగల్రాయుడు కూతురి ముఖం చూడకుండానే చెప్పేశాడు. ఆ రోజు అమ్మా నాయనా ఐరాల అవతల తోటలో కాయల కోతకు పోయారు. ఇంట్లో మిగిలిన పెద్దమనిషి అవ్వ ఒక్కతే.

"అవ్వా, ట్రస్టు మేడమ్ వొచ్చి అడిగితే నేను బాగా సదువుతానని సెప్పు. అంతే సాలు," అని రూపశ్రీ పొద్దుటి నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"సెప్తాలే పో," అంది అవ్వ.

ట్రస్టు తరఫున ఇళ్లు తిరిగే నాగవేణి మధ్యాహ్నానికి స్కూటీ మీద వచ్చింది. మజ్జిగ తాగి, కాగితాలు ఒళ్లో పెట్టుకుని, "మీ మనవరాలు ఎలా చదువుతుందవ్వా?" అని అడిగింది.

"ఏం సదువులే తల్లీ. పుస్తకం పట్టుకుంటే నిద్దరపోతాది."

తలుపు పక్కన నిలబడిన రూపశ్రీ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఇంటర్‌లో మార్కులు బాగానే వచ్చాయి కదా?"

"ఆ యేడు పేపర్లు సులువుగా ఇచ్చినారంట. అందురికీ వొచ్చినాయి."

"ఇంటిపని చేస్తుందా?"

"ఈడ పుల్ల ఆడ పెట్టదు," అంది అవ్వ. ఆ పొద్దున పేడ ఎత్తి, పాలు పిండి, పాలకేంద్రంలో పోసి వచ్చింది రూపశ్రీయేనని పక్కింటి కోళ్లకు కూడా తెలుసు.

నాగవేణి రాసుకుంటూ పోయింది. రూపశ్రీ కళ్లతో సైగ చేసింది, లాభం లేక దగ్గింది. అవ్వ ఆ దగ్గును కూడా వదల్లేదు. "సూడు, ఎప్పుడూ దగ్గే. ఒళ్లు కూడా అంత మంచిది కాదు."

ఇంకెవరింట్లోనైనా అయితే రూపశ్రీ పడీపడీ నవ్వేది. ఇప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

నాగవేణి పెన్ను మూసింది. "అవ్వా, ఉన్నది ఒక్క స్కాలర్‌షిప్పు. దానికి ఇద్దరున్నారు. రెండో అమ్మాయిది శ్రీకాళహస్తి పక్కన పల్లె. మీరు చెప్పేది చూస్తే ఆ పిల్లకే రాయాల్సొస్తుంది. మరి రాసేదా?"

అవ్వ పైట కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. వీధి వైపు చూసింది. ఎవరూ లేరు.

"మే రూపా, పోయి ఆవుకు నీళ్లు పెట్టు."

రూపశ్రీ కదల్లేదు.

"పోమ్మే."

రూపశ్రీ పెరట్లోకి వెళ్లింది. వెళ్లి కిటికీ కింద నిలబడింది. ఎవరైనా అదే చేస్తారు.

అవ్వ గొంతు తగ్గించింది. "నీతో సెప్తా ఉండా, ఇంగెవురితోనూ అనబాక. ఇట్లాంటి బిడ్డ ఈ సుట్టుపక్కల లేదు తల్లీ. నేను కాలిరిగి మంచాన పడుంటే ఒక సేత్తో నాకు సంగటి పెడతా, ఇంగో సేత్తో పుస్తకం పట్టుకునేది. నేను పండుకున్నాననుకుని పాఠం వొప్పజెప్పుకుంటా ఉంటాది. నాకు ఒక ముక్క తెలీదు. అయినా వింటా ఉంటా. అది ఆపితే నాకు నిద్దర రాదు. మా వొంశంలో ఆడోళ్లు ఎవురూ బడికి పోలా. మాకందురికీ రావాల్సిన సదువంతా దేముడు దీని తలలోనే పెట్టినాడనుకుంటా. దీన్ని ఆపబాకండి తల్లీ."

రూపశ్రీ గోడకు ఆనుకుని కూలబడింది. బుద్ధెరిగినప్పటి నుంచీ అవ్వ నోట తన గురించి ఒక్క మంచిమాట విన్నది లేదు. ఇన్నేళ్లవీ ఒక్కసారే మీద పడేసరికి తట్టుకోలేకపోయింది. ఈసారి హాయిగా ఏడ్చింది. ఆవు మాత్రం నీళ్ల కోసం చూస్తూనే ఉంది.

నాగవేణి ఏం రాసిందో బయటపెట్టలేదు. పోతూ పోతూ, "హాస్టల్‌కు దుప్పటి, బకెట్టు మీరే తెచ్చుకోవాలి," అని మాత్రం చెప్పి స్కూటీ ఎక్కింది.

బండి మలుపు తిరిగిందో లేదో అవ్వ వంటింట్లోకి పోయి, గుప్పిట నిండా రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చి, మనవరాలిని వాకిట్లో నిలబెట్టి తల చుట్టూ తిప్పసాగింది.

"ఆ మేడమ్ దిష్టి తగిలుంటాదంటావా అవ్వా?" అంది రూపశ్రీ, ముక్కు తుడుచుకుంటూ.

"ఆమెది కాదు," అంది సుబ్బులమ్మ, చెయ్యి ఆపకుండా. "నాదే."