చందమామ కార్డు

మా అక్క నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అంటుండేది. నానకపోతే పోనీ, ఆ గింజ ఎవరి చేతిలో పడుతోందో చూసుకునే ఇంగితమైనా ఉండాలి కదా! అదీ లేదని తెలిసిన రోజు నుంచి నా ఒళ్లు మండుతూనే ఉంది.

మాది ఒకే కొట్టు, రెండు వ్యాపారాలు. ముందు నా కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం. వెనక ఎర్ర తెర, తెర అవతల మా అక్క, ఆవిడ జోస్యం చెప్పే టారో కార్డులు. నేను ప్యాంట్ల అంచులు మడిచి కుడతాను, పాడైన జిప్పులు మారుస్తాను, ఒళ్లు చేసినవాళ్లకు వదులు చేస్తాను, చిక్కినవాళ్లకు బిగిస్తాను. ఆవిడ బతుకులు బాగుచేస్తుంది. ఒక్కో కష్టానికి ఒక్కో కార్డు ఏరి ఇస్తుంది. ఇది దిండు కింద పెట్టుకో, ఇది కొవ్వొత్తి ముందు నిలబెట్టి మనసులో మాట చెప్పుకో, ఇది దారంతో తలుపుకి కట్టు అంటుంది. నేను వాటిని పేకముక్కలంటాను. ఆవిడకి కాలుతుంది. కాలాలనే అంటాను.

బేకరీ పిల్ల మొదట నా దగ్గరికే వచ్చింది, వాళ్లమ్మ కోటు తన ఒంటికి సరిచేయించుకోవడానికి. తర్వాత తెర వెనక్కి వెళ్లింది. మొగుడు లారీ డ్రైవరు. ఒకసారి ఈ పిల్ల చెయ్యి తలుపు సందులో ఉండగానే తలుపు వేశాడు. ఆ మణికట్టు వంకరగా అతుక్కుంది. ఇంకోసారి దాకా ఆగకుండా పారిపోయి వచ్చి, బేకరీలో పనికి కుదిరి, ఆ బేకరీ పైగదిలోనే ఉంటోంది. వాడికి ఆచూకీ తెలియకుండా ఏదైనా చెయ్యమని మా అక్కని అడిగింది. అక్క చందమామ కార్డు తీసిచ్చింది. మబ్బుచాటు చందమామ నిన్ను కూడా చాటున ఉంచుతాడు, లోపలివైపు తలుపు మీద కట్టుకో అంది. ఇచ్చేముందు తలుపు రంగేమిటి, కింద ఏముంది, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, అన్నీ అడిగింది. అదీ ఆవిడ పద్ధతి. ఇల్లు తెలియకపోతే కార్డుకి దారెలా తెలుస్తుంది అంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆ పిల్ల బట్టల సంచీతో వచ్చి, చందమామ కార్డు నా ఇస్త్రీ బల్ల మీద పెట్టింది.

"పెద్దక్కకి ఇచ్చెయ్యండి చిన్నక్కా. ఇంక నాకెందుకు?"

"ఏమైందే?"

ఫోను నా చేతికిచ్చింది. మొగుడు పంపిన మెసేజి. నీలం తలుపు, కింద రొట్టెల పొయ్యి, కిటికీకి ఎదురుగా నీళ్ల ట్యాంకు, కార్డులు చెప్పాయి, ఎక్కడికి పోయినా చెప్తాయి, సాయంత్రం వస్తున్నా సర్దుకో అని ఉంది.

"దాచమని ఏ కార్డుల్ని అడిగానో అవే పట్టించాయి. ఇంకెక్కడికి పోను? బేకరీలో అందరిముందూ రచ్చ ఎందుకని నేనే ఎదురెళ్తున్నా. నేనే వెళ్తే దెబ్బలు కాస్త తగ్గుతాయి."

ఎంత మామూలుగా చెప్పిందనుకున్నారు! రేపు వానొస్తుందట అన్నట్టు చెప్పింది. నాకు మాత్రం రెండు రోజుల కిందట కొట్టు ముందు లారీ ఆపి, తెర వెనక్కి నవ్వుతూ వెళ్లి, నవ్వు మానేసి బయటికొచ్చిన మనిషి గుర్తొచ్చాడు. ఊడిపోయిన చొక్కా బొత్తాం కుట్టి పంపింది నేనే. నా చెప్పు తీసుకుని నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది. ముందు కొట్టాల్సినవాళ్లు వేరే ఉన్నారని తెర లాగాను.

లోపల ఒక లెక్చరరు గారు కొవ్వొత్తి ముందు కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"మీరు కాస్త బయట కూర్చోండి సార్. మీ అదృష్టం ఎక్కడికీ పోదు."

ఆయన లేచాడు. నేను అక్క ఎదురుగా నిలబడ్డాను. "ఆ లారీవాడికి ఏం చెప్పావు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది దాని పని. "నేనేం చెప్పానే? కార్డుల్లో వచ్చింది..."

"నా చెవిలో పువ్వులు పెట్టకు."

కాసేపు కార్డులు సర్దింది. తర్వాత గొణిగింది. "వాడు నవ్వాడే. ఈ పేకముక్కలు ఏం చెప్తాయి అని, అచ్చం నీలాగే నవ్వాడు. పెళ్లాం ఫొటో చూపించాడు, చూడగానే పోల్చుకున్నా. ఒక్క మాట చెప్తే నోరు మూస్తాడనుకున్నా. మూశాడు కూడా. తర్వాత ఏడ్చాడే! మారిపోయానన్నాడు. ఒక కాపురం నిలబడితే పుణ్యమే కదా అని..."

"పుణ్యమా! ఆ పిల్ల చెయ్యి చూశావా నువ్వు? కాపాడమని నీ దగ్గరికొస్తే నువ్వే అప్పజెప్తావా? కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకుంటుందే అది!"

"అరవకే, బయట మనుషులున్నారు. ఇప్పుడేం మించిపోలేదు. దీనికి విరుగుడు తంతు ఉంది. ఆ కార్డు తలకిందులుగా పెట్టి, నల్లదారం చుట్టి..."

నేను కార్డుల కట్ట దాని ముందునుంచి లాగేశాను. ఒంటిమీది బట్ట లాగినట్టు కేక పెట్టింది.

"తంతూ వద్దు, తాడూ వద్దు. బయటికొచ్చి ఆ పిల్లకి నిజం చెప్పు. కార్డులు చెప్పలేదు, నేను చెప్పానని చెప్పు. కార్డులకి కళ్లున్నాయనుకుని అది పారిపోవడం మానేసింది."

"అందరిముందూ ఆ మాటంటే రేపు నా గడప ఎవరు తొక్కుతారే?"

"ఇప్పుడు చెప్తావా? దాని శవం ముందు చెప్తావా?"

అక్క లేచింది. అద్దం పక్కన నిలబడి, ఆ పిల్ల మొహం చూడకుండా, నేలకి చెప్పింది. నువ్వు నాకు చెప్పిందే నేను వాడికి చెప్పానమ్మా, కార్డుల్లో ఏమీ లేదు అని. ఆ పిల్ల నమ్మితే కదా!

"నన్ను ఓదార్చడానికి అంటున్నారు పెద్దక్కా. మా అమ్మ పోయిందని నేను చెప్పకుండానే చెప్పారు, మొదటిరోజే."

"నువ్వే చెప్పావు. ఇక్కడ, ఈ అద్దం ముందు. కోటు అమ్మదని, పోయేముందు ఇచ్చిందని, చెల్లి కొలత తీస్తుంటే చెప్పావు. మధ్యలో ఉన్నది గుడ్డే కదా. అందరి మాటలూ వినబడతాయి."

లెక్చరరు గారు కుర్చీలోంచి ముందుకు వంగాడు. "అయితే మా ఆవిడ వదిలేసిన సంగతి?"

"అదీ ఇక్కడే సార్. ప్యాంటు నడుము బిగించమన్న రోజు."

పని చేసేటప్పుడు నా నోటినిండా గుండుసూదులుంటాయి. బదులు చెప్పలేని మనిషి దగ్గర జనం మనసు విప్పుతారు. ఇన్నేళ్లుగా వాళ్లు నాకు చెప్పుకున్నవన్నీ తెర వెనక నుంచి మా అక్క ఏరుకుంది. వాటినే భవిష్యత్తు అని తిరిగి వాళ్లకే అంటగట్టింది. నా కొట్టుని చెవి చేసుకుని బతికింది.

బేకరీ పిల్ల నెమ్మదిగా అడిగింది. "అంటే, నేనిప్పుడు ఎక్కడికైనా పోయి, మీకు చెప్పకపోతే?"

"నాకు తెలియకపోతే కార్డులకీ తెలీదమ్మా."

ఆ పిల్ల మొహంలోకి రక్తం రావడం చూశాను. ఆ వంకర చేత్తోనే లాగి మా అక్కని ఒక్కటి కొట్టింది. కొట్టడం అలవాటు లేని చెయ్యి, సగం బుగ్గకి, సగం చెవికి తగిలింది. నేను ఆపలేదు. ఆపాలనిపించలేదు. ఆ పిల్ల చందమామ కార్డు తీసుకుని నిలువునా చింపి, ముక్కలు ఇస్త్రీ బల్ల మీద పడేసి, సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికి..." అంటూ నోరు తెరిచాను.

"మీరూ అడగొద్దు చిన్నక్కా."

నేను అలాంటిదాన్ని కాదే అనబోయాను. వెనక ఎర్ర తెర ఊగుతోంది. నోరు మూసుకున్నాను. ఆ పిల్ల గబగబా రోడ్డు దాటి, వచ్చిన బస్సెక్కేసింది. దాని నంబరు కూడా నేను చూడలేదు.

సాయంత్రం లారీవాడు వచ్చాడు. బేకరీ గదికి తాళం చూసి వచ్చినట్టున్నాడు. నన్ను తోసుకుంటూ తెర వెనక్కి పోయి బల్ల మీద చరిచాడు.

"తియ్యి కార్డులు! ఎక్కడుందో చెప్పు!"

అక్క నా వైపు చూసింది. నేను వేడెక్కిన ఇస్త్రీపెట్టె పట్టుకుని తెర దగ్గర నిలబడ్డాను. లెక్చరరు గారు ఇంటికి పోలేదు, నా వెనక నిలబడ్డాడు. ప్యాంట్ల కోసం వచ్చిన మరో ఇద్దరు కూడా అక్కడే ఉన్నారు.

"కార్డులు చెప్పవు," అంది అక్క. "ఎప్పుడూ చెప్పలేదు. ఆ పిల్ల నన్ను నమ్మి చెప్పుకుంటే, నేను నీకు చేరవేశాను. ఇప్పుడెక్కడుందో నాకు తెలీదు."

వాడు బల్ల తన్నాడు. కార్డులు నేలంతా చెల్లాచెదురయ్యాయి. చెయ్యెత్తాడు.

"రా," అన్నాను. "ఇది బాగా కాలి ఉంది."

వాడు ఇస్త్రీపెట్టెని చూశాడు, నా వెనక మనుషుల్ని చూశాడు, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పోయాడు. ఆ తర్వాత నేను పెద్ద కత్తెర తీసుకుని ఆ తెర పైనుంచి కిందదాకా కోసేశాను. అక్క కింద కూర్చుని కార్డులు ఏరుకుంది.

ఇప్పుడు కొలత తీసేటప్పుడు ఎవరైనా ఫలానా చోట ఉంటున్నామని మొదలుపెడితే నోట్లోంచి సూదులు తీసి, "చెప్పకండి" అంటాను. కొందరికి కోపమొస్తుంది. రానీ. మా అక్క సారీ చెప్పింది, ఏడ్చింది, నాతో మాట్లాడమని బతిమాలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పైగా కాలింది దాని చేతులు కూడా కాదు.

ఆ పిల్ల వెళ్లాక కొక్కేనికి చూస్తే కోటు అక్కడే ఉంది. చిరిగిన లైనింగు మార్చమని అంతకు ముందు వారం ఇచ్చిన వాళ్లమ్మ కోటు. లైనింగు మార్చాను, బొత్తాలు బిగించాను, ఇస్త్రీ చేశాను. చలి మొదలైంది. ఆ కోటు ఎక్కడికి పంపాలో నాకు తెలీదు, ఎవరినీ అడగకూడదు.