నేను చూసి కాదన్న మనిషి

ముప్పై ఏళ్ళు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పినోణ్ణి, చెల్లెలి ముందరైనా నోరు మూసుకుని ఉండొచ్చు గదా! ఉండలేదు. వాగినాను.

మా ఎలిశబెతు మొగుడు క్రీస్తురాజు ముత్తుకూరు పక్కనుంచి చేపల వేటకు పోయి పన్నెండు రోజులైంది. పడవ బోర్లాపడి దొరికింది, మనిషి దొరకలా. అన్నం ముట్టకుండా గోడకానుకుని కూర్చున్నదాన్ని చూడలేక, ఎప్పుడో పిల్లకాయలకు చెప్పిన పాఠం తీసినాను.

"ఐర్లండులో ఒక బిషప్పు ఉండేవాడమ్మా. ఏదైనా ఉందంటే ఎవరో ఒకరు చూస్తా ఉండబట్టే ఉందన్నాడు. మనం చూడనప్పుడు దేవుడు చూస్తా ఉంటాడంట."

అది తల పైకెత్తింది. "అయితే ఈయన్ని దేవుడు చూస్తా ఉండాడు గదన్నా?"

"చూడకేమమ్మా" అన్నాను. ఆ పూట రెండు ముద్దలు తినింది. ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయినాను, ఎంత మూర్ఖుణ్ణి!

మూడోనాడు పోలీసులు ఫోన్ చేసినారు. ఒడ్డుకు శవం కొట్టుకొచ్చింది, వచ్చి గుర్తుపట్టమన్నారు. ఎలిశబెతు నా చొక్కా పట్టుకునింది.

"పోవద్దన్నా! ఎవరూ చూడనంతవరకు ఆయన ఉన్నట్టే. నువ్వు చూస్తే చచ్చిపోతాడు. నువ్వే గదా చెప్పినావు!"

అట్లా నేనెప్పుడు చెప్పినాను తల్లీ, అని అరవాలనిపించింది. చెయ్యి విడిపించుకుని పోయినాను.

మార్చురీలో మొహం గుర్తుపట్టేటట్టు లేదు. ఎడమచేతి చిటికెనవేలు మాత్రం సగమే ఉంది. అది ఇంజను బెల్టులో పడి తెగిన రోజు క్రీస్తురాజును ఆస్పత్రికి మోసుకుపోయింది నేనే.

"మీ చెల్లెలి భర్తేనా సార్?" అన్నాడు కానిస్టేబులు.

చొక్కా పట్టుకున్న ఆ చెయ్యే కళ్ళముందు మెదిలింది.

"కాదు" అన్నాను. కాదని సంతకం కూడా చేసినాను.

ఎవరూ రాలేదని మూడు రోజులకు పోలీసులే పూడ్చేసినారు. పాస్టరుగారు లేరు, ప్రార్థన లేదు, పిడికెడు మట్టి వేసేదానికి అయినవాళ్ళు లేరు. సముద్రం వాణ్ణి చంపింది. అసలు లేకుండా చేసింది నేను. ఇప్పుడు పోయి నిజం చెప్తే చెల్లెలు నా మొహం చూస్తుందా? చెప్పకపోతే ఎన్నేళ్ళని ఎదురుచూస్తుంది? ఏదీ తెలియడం లేదు.

ఆదివారం చర్చికి ఎలిశబెతు తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చీటీ చదివినారు. జబ్బుపడినోళ్ళ పేర్లయినాక, ప్రయాణంలో ఉన్నోళ్ళ పేర్లు. మొదటిది క్రీస్తురాజు. రాయించింది అదే.

ఆడవాళ్ళ వరసలోంచి నావైపు తిరిగి చూసింది, ఆమెన్ అనమని.

అందరికన్నా గట్టిగా అన్నాను.