గాలిమోటారు స్విచ్చి

భీమసేనరావుకు ఒకసారి అనుమానం పట్టుకుందంటే బ్రహ్మదేవుడు దిగివచ్చినా వదిలించలేడు. ఈసారి అది పోయి పోయి ఇశ్రాయేలు మీద పడింది.

ఆదోనిలో తెలుగు పంతులుగా రిటైరై, ఎమ్మిగనూరు రోడ్డు పక్క కొత్త ప్లాట్లలో ఇల్లు కట్టుకున్నాడాయన. అక్కడ మురికికాలువ లేదు. నల్లరేగడి నేల, ఇంకుడుగుంత తవ్వినా నీళ్ళు ఇంకవు. అందుకని పెరట్లో గాలితో పనిచేసే ట్యాంకు పెట్టించాడు. ఇంటి మురుగంతా మొదటి గదిలో పడి మడ్డి అడుక్కి దిగుతుంది. రెండో గదిలోకి చిన్న మోటారు పగలూ రాత్రీ గాలి ఊదుతుంది. ఆ గాలితో బతికే, కంటికి కనపడని పురుగులు మురికిని తినేస్తాయి. మూడో గదిలో తేరుకున్న నీళ్ళు క్లోరిన్ బిళ్ళల మీదుగా పారి చెట్లకు పోతాయి. వాటన్నిటినీ చూసిపోయే కంపెనీ మనిషి ఇశ్రాయేలు.

చలికాలమంతా నీళ్ళు తేటగా వచ్చాయి. ఎండలు ముదిరాక కంపు మొదలైంది. అదేం కంపు, పక్కింటి నరసప్ప కిటికీలు తెరవడమే మానేశాడు! ఇశ్రాయేలు వచ్చి బాగుచేసిపోవడం, నాలుగోరోజుకు మళ్ళీ అదే కంపు. వీడే ఏదో చేస్తున్నాడనుకున్నాడు రావు. ట్యాంకు మూతకు నల్లదారం చుట్టాడు. దారం తెగలేదు. అయితే తెంపేసి కొత్త దారం చుట్టిపోయాడన్నమాట, ఎంత తెలివి!

"ఎవురో రోజూ మోటారు ఆపుతాండారు సారూ. గాలి ల్యాకుంటే మంచి పురుగులు సచ్చిపోయి, కంపు కొట్టేటివి పెరుగుతాయి. ఈ మీటరు సూడండి, దినానికి ఏడెనిమిది గంటలు తిరగనే లేదు," అన్నాడు ఇశ్రాయేలు.

మీటరును కూడా వీడే తిప్పాడని రావుకు తేలిపోయింది. ఆ సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేసి దుమ్ము దులిపాడు. సూపర్‌వైజరు శేఖర్, పొద్దున ఎనిమిదికి మళ్ళీ చేస్తాననీ, ఖాయమంటే ఆ పూటే ఇశ్రాయేలును పనిలోంచి తీసేస్తామనీ చెప్పాడు.

ఇక దొంగను కళ్ళారా చూడాలని తెల్లవారుజామునే రావు పెరట్లో బట్టలుతికే బండ వెనక నక్కాడు. ఐదింటికి వెనకతలుపు తెరుచుకుంది. వచ్చింది భార్య సుభద్రమ్మ. నేరుగా గోడ దగ్గరికి పోయి, టక్కున స్విచ్చి ఆపేసింది.

రావు బండ వెనక నుంచి లేచి, రోజూ ఆపుతావా అని అడిగాడు.

"ఆపనా మరి? ఉక్కకు తాళలేక వంట వసారాలోకి మార్చినాను కదా. దేవుడికి వండుతాంటే పక్కనే ఆ పాయఖానా గుర్రుమని ఊపిరి తీస్తాంటే ఎట్లా? మడి కట్టుకున్నంక స్విచ్చి ముట్టకూడదు. అందుకే భోజనాలైనంక వేస్తాను."

రావు ఎనిమిది గంటల ఫోన్ సంగతి చెప్పాడు. ఆమె అంతా విని స్నానానికి పోయింది. రావే స్విచ్చి వేశాడు.

ఎనిమిదికి ఫోన్ మోగింది. ఖాయమేనా సార్ అన్నాడు శేఖర్. తప్పు మా ఇంట్లోదే అని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? రావు సిగ్గుతో చచ్చిపోతూ, అదీ ఇదీ అని నసిగాడు. మొహమాటపడకండి సార్, తీసేస్తాం లెండి అన్నాడు శేఖర్.

పొయ్యి దగ్గర్నుంచి సుభద్రమ్మ గబగబా వచ్చింది. మడిలో ఉంటే మనవరాలిని కూడా దగ్గరికి రానివ్వని మనిషి, మొగుడి చేతిలోని ఫోన్ లాక్కుంది.

"నాయనా, ఇశ్రాయేలు తప్పేమీ లేదు. మోటారు ఆపింది నేను. అతని కూడు తీయొద్దు," అంది.

ఫోన్ తిరిగి ఆయన చేతిలో పెట్టింది. వసారాలో నైవేద్యానికి పెట్టిన అన్నం మాడువాసన వేస్తోంది. దాన్ని దించడానికి ఇప్పుడు ఇంట్లో మడితో ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. సుభద్రమ్మ అటు చూడకుండా మళ్ళీ స్నానానికి పోయింది.

"ఇశ్రాయేలునే పంపండి," అన్నాడు రావు. "నేను అతనికి క్షమాపణ చెప్పుకోవాలి."